రేవు బోర్డు

రెండు డబ్బాల రంగు, మూడు కుంచెలు,
గీతలు కొట్టే నూలుదారం సంచిలో వేసుకుని
ఆత్మకూరు నుంచి కొత్తపల్లి దాటి
రోడ్డు నీళ్లలోకి దిగిపోయే చోటికి వచ్చినాను.
ఆ రోడ్డు ఒకప్పుడు ఏదో ఊరికి పోయేది.
ఇప్పుడు దాని కొసనే రేవు అంటున్నారు.

ఏఈ గారి కాగితంలో పదకొండు నియమాలు.
అక్షరానికి రెండు రూపాయలు.
ఒత్తులకు వేరే లెక్క లేదంట, అడిగి చూసినాను.

ఒకటి: పడవలను కేటాయించిన గుంజలకే కట్టవలెను.
‘గుంజ’ కాడ కుంచె ఉండంగానే
మద్దిలేటి నోట్లో బీడీ తీసి నవ్వినాడు.
“యాడ పాతల్ల సామీ గుంజ?
శ్రావణంలో నీల్లు ఆ కల్వర్టు ఎక్కుతాయి.
చైత్రానికి అద్దో, ఆ తుమ్మచెట్ల అవతలికి పోతాయి.
నీల్ల యెంబడి రేవు నడుస్తాది, రేవు యెంబడి మేము.
గుంజకు కాళ్లుండవు గదా.”
రాసేసినాను. అక్షరానికి రెండు రూపాయలు.

రెండు: పరిమితికి మించి ఎక్కించరాదు.
పరిమితి ఎంతో కాగితంలో ఖాళీ.
బోర్డు మీదా అంత తెలుపు వదిలినాను.
అప్పుడే కదిలిన పడవలో
ఏడుగురు మనుషులు, మూడు మేకలు, ఒక స్కూటరు,
అవతలి ఒడ్డు పెండ్లికి పోయే గంగాళం,
గంగాళంలో చంకనాకుతున్న ఐసుతో ఒక పిల్లోడు.
వాణ్ని మనుషుల్లో లెక్కేయాల్నా, సామాన్లలోనా?

మూడు: లైఫ్ జాకెట్లు విధిగా వాడవలెను.
వాడుతున్నారు. బల్ల తడిగా ఉందని
వాటి మీద కూర్చున్నారు.

నాలుగు గుర్తు లేదు.

ఐదు: పొద్దు గుంకినాక పడవ నడప రాదు.
ఇక్కడ మద్దిలేటి నవ్వలేదు.
చేతిలో తాడు ముడి విప్పుతా, మళ్లీ వేస్తా
తాడుకే చెప్పినట్టు చెప్పినాడు:
“ఒకసారి టార్చి ఆడితే తాగుబోతు, లేసేది లేదు.
రెండుసార్లు ఆడితే పాము.
పోయిన ఆశ్వయుజంలో నడిరేత్రి
అవతల నుంచి మూడుసార్లు ఆడింది.”
మూడంటే కాన్పు.
సగం నీళ్లలోనే పుట్టిందంట పాప.
అటు ఒక రాష్ట్రం, ఇటు ఒకటి.
ఎక్కడ పుట్టిందని రాయాలో
ఆసుపత్రి గుమాస్తాకు కలం ఆడలేదంట.
రేవతి అని పేరు పెట్టినారు.
నక్షత్రం చూసి కాదు.

నేను పెయింటర్‌ను. నాకు తెలిసిందొకటుంది:
ఎండకు అన్నిటికన్నా ముందు వెలిసేది ఎరుపు.
అన్నీ నలుపులో రాసి
ఐదో నియమంలో ‘రాదు’ ఒక్కటీ ఎర్రగా రాసినాను.
ముఖ్యమైంది బాగా కొట్టొచ్చినట్టుందని
ఏఈ గారు భుజం తట్టినాడు.

ఎనిమిది: మునిగిన పాత కట్టడాలకు తాళ్లు కట్టరాదు.
ఉరుకుందమ్మ వల కుడతా తలెత్తకుండానే అంది:
“ఎండాకాలం తేలే రాయి కట్టడమేంది నాయనా,
మా దొడ్లో ఎనుమును కట్టేసే రాయి అది.
అప్పుడు ఎనుము, ఇప్పుడు పుట్టి.
నీల్లు కంటబడితే రెండూ నిలబడవు.
కట్టేయకుంటే ఎట్ల?”
కుంచె మీది రంగు మోచేతికి కారింది.

పదకొండోది, చర్యలు తీసుకొనబడును అనేది
ఇరుకై పక్కకు వంగింది.
కింద మూలన దస్తగిరి ఆర్ట్స్ అని
డబ్బుల్లేని అక్షరాలు నాలుగు గీసి బస్సెక్కినాను.

రెండేండ్లకు భాద్రపదంలో ఆ దావన పోతా
బిల్లు పాసైందేమో కనుక్కుందామని దిగినాను.
కాలేదు.
నీళ్లు ఏడో నియమం దాకా వచ్చి ఉన్నాయి.
ఐదో దాంట్లో
పొద్దు గుంకినాక పడవ నడప,
ఆ తర్వాత ఉత్త తెలుపు.

మద్దిలేటి పడవ
బోర్డు కంబానికే కట్టేసి ఉంది,
నా పేరు పక్కన, బాగా బిగించి.